యుద్ధం దూరదేశంలో, దిగులు మన ఇంట్లో: విశ్వవిద్యాలయం ఏం చేయాలి?

2022 ఫిబ్రవరి మూడో వారం మనలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఉక్రెయిన్ సరిహద్దుల్లో రష్యా సైన్యం మోహరించిందని టీవీలు చెబుతున్నాయి. అక్కడ వైద్యవిద్య చదువుతున్న వేలాది భారతీయ విద్యార్థుల్లో అప్పటి గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పిల్లలూ ఉన్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అప్పటికి ఆ ఒక్క జిల్లాలోవే. ఇళ్లలో తల్లిదండ్రులు ఫోను పట్టుకుని "వచ్చేయి నాన్నా" అంటుంటే, అవతలి నుంచి పిల్లలు చెప్పిన సమాధానం ఒక్కటే: "వచ్చేస్తే హాజరు పోతుంది. ఆన్‌లైన్ క్లాసులు పెడతామని యూనివర్సిటీ ఇంకా చెప్పలేదు."

కీవ్‌లోని మన రాయబార కార్యాలయం ఫిబ్రవరి 15న, తప్పనిసరి పని లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లడం మంచిదని సలహా ఇచ్చింది. 20న మళ్లీ చెప్పింది. 22న మూడోసారి ఇచ్చిన ప్రకటనలో ఒక మాట అందరూ గమనించదగ్గది. ఆన్‌లైన్ క్లాసుల గురించి వైద్య విశ్వవిద్యాలయాలు ఏమన్నాయని అడుగుతూ తమకు ఎన్నో ఫోన్లు వస్తున్నాయని, విశ్వవిద్యాలయాల అధికారిక మాట కోసం ఎదురుచూడకుండా విద్యార్థులు బయలుదేరాలని అందులో కోరారు. 24వ తేదీ తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. ఉక్రెయిన్ గగనతలం మూతబడింది. మనవాళ్లను తీసుకురావడానికి బయలుదేరిన ఎయిరిండియా విమానం సగం దారిలోనే వెనక్కి తిరిగింది.

అంటే యుద్ధానికి ముందున్న ఆ పది రోజులలో చాలామంది పిల్లల కాళ్లకు బంధం వేసింది చదువు పోతుందన్న భయం. ఆ భయాన్ని తీసివేయగల అధికారం ప్రభుత్వం దగ్గరా లేదు, తల్లిదండ్రుల దగ్గరా లేదు. విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. "మీరు వెళ్లండి, మీ హాజరు పోదు, మీ సెమిస్టరు పోదు" అని ఒక కాగితం సకాలంలో వస్తే ఎంతమంది ముందే ఇల్లు చేరేవారో కదా అని మేము ఇప్పటికీ అనుకుంటాం.

ఈ సంపాదకీయంలో మేము చెప్పదలచింది ఇదే. పరాయి దేశంలో యుద్ధం వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం తన వాళ్లను ఎలా ఆదుకోవాలి అన్న ప్రశ్నకు సానుభూతి సందేశం ఒక్కటే జవాబు కాదు. సమయానికి ఇచ్చే రాతపూర్వకమైన మాట, చేతికి అందే సర్టిఫికెట్లు, పూర్తి కావడానికి దారి ఉన్న చదువు: ఈ మూడూ కావాలి.

తిరిగి రావడం మొదటి మెట్టు మాత్రమే

జరిగినదాన్ని ఒకసారి వరుసగా గుర్తు చేసుకుందాం. విమానాలు రాలేని దేశం నుంచి మన విద్యార్థులు రైళ్లలో, బస్సుల్లో, కొంతదూరం కాలినడకన పోలండ్, హంగరీ, రుమేనియా, స్లొవేకియా, మాల్డోవా సరిహద్దులకు చేరారు. ఫిబ్రవరి 26న బుకారెస్ట్ నుంచి బయలుదేరిన మొదటి విమానం 219 మందితో ముంబైలో దిగింది. 'ఆపరేషన్ గంగ' పేరిట మొత్తం 90 విమానాలు నడిచాయి. వాటిలో 14 భారత వైమానిక దళానివి. అంతకుముందే సొంతంగా వచ్చినవారితో కలిపి 22,500 మంది దాకా భారతీయులు క్షేమంగా ఇల్లు చేరారు.

అందరూ చేరలేదు. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటకలోని హావేరి జిల్లాకు చెందిన వైద్య విద్యార్థి ఒకరు దాడిలో మరణించారు. మరునాడు మన రాయబార కార్యాలయం ఖార్కివ్‌లోని భారతీయులందరినీ ఆ సాయంత్రంలోగా, బండి దొరక్కపోతే నడిచి అయినా, పెసోచిన్, బాబాయె, బెజ్‌ల్యుదోవ్కా అనే ఊళ్లకు చేరమంది. సుమీ నగరంలో చిక్కుకున్న సుమారు 700 మంది మంచు కరిగించుకుని నీళ్లు తాగుతూ ఎదురుచూశారు. మార్చి 8న వారు బస్సుల్లో పొల్టావాకు బయలుదేరారు.

విమానాశ్రయంలో పూలదండలు, కన్నీళ్లు, కౌగిలింతలు. ఆ రాత్రి దేశమంతా ఊపిరి పీల్చుకుంది. వారం పది రోజులు గడిచాక ఆ ఇళ్లలో రెండో దిగులు మొదలైంది. నాలుగో ఏడాది చదువుతున్న అమ్మాయి ఇప్పుడు ఏ కాలేజీ విద్యార్థి? అప్పుచేసి కట్టిన ఫీజు ఏమవుతుంది? ఐదో ఏడాది పరీక్ష ఎవరు పెడతారు? చేతిలో మార్కుల పత్రం లేనివాడు ఇంకో చోట చేరతానంటే ఎవరు నమ్ముతారు?

మార్చి నెలలోనే ఉక్రెయిన్‌లోని చాలా విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో పాఠాలు మళ్లీ మొదలుపెట్టాయి. సైరన్ మోగితే నేలమాళిగల్లోకి దిగుతూ, కరెంటు పోతే మళ్లీ వచ్చేదాకా ఆగుతూ అధ్యాపకులు పాఠం చెప్పారు. ఆ అధ్యాపకులను మనం గౌరవించాలి. అయినా వైద్యవిద్య తెరమీద చూసి నేర్చుకునేది కాదు. రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవాలి. కేవలం ఆన్‌లైన్ పాఠాలతో పూర్తిచేసిన వైద్య డిగ్రీని మన జాతీయ వైద్య కమిషన్ ఒప్పుకోదు. పైగా విదేశంలో చదివేవారు కోర్సు మొత్తాన్ని ఒకే సంస్థలో పూర్తిచేయాలన్నది మన నిబంధన. నిబంధన మంచిదే. నాసిరకం చదువుల నుంచి రోగులను కాపాడడానికి పెట్టినదది. అయితే దాన్ని రాసినప్పుడు ఆ 'ఒకే సంస్థ' మీద బాంబులు పడతాయని ఎవరూ అనుకోలేదు.

అప్పుడు ఒక్కొక్క ముడి విప్పవలసి వచ్చింది. 2022 మార్చి 4న కమిషన్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కోవిడ్ వల్లగానీ యుద్ధం వల్లగానీ ఇంటర్న్‌షిప్ మధ్యలో ఆగిన విదేశీ వైద్య పట్టభద్రులు మిగిలిన భాగాన్ని మన దేశంలో పూర్తిచేసుకోవచ్చు. అందుకు ముందుగా విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. జులై 28న మరో పథకం వచ్చింది. చివరి ఏడాదిలో ఉండగా తిరిగివచ్చి, ఆ ఏడాది జూన్ 30లోగా కోర్సు పూర్తయినట్లు సర్టిఫికెట్ పొందినవారిని అదే పరీక్షకు అనుమతించారు. ప్రత్యక్ష శిక్షణ లోటు తీరడానికి వారికి ఏడాదికి బదులు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ విధించారు. సెప్టెంబరు 6న, ఉక్రెయిన్ విశ్వవిద్యాలయాలు ప్రతిపాదించిన 'అకడమిక్ మొబిలిటీ' పద్ధతికి కమిషన్ అభ్యంతరం లేదంది. విద్యార్థి మిగిలిన చదువును వేరే దేశపు విశ్వవిద్యాలయంలో చదవవచ్చు, డిగ్రీ మాత్రం ఉక్రెయిన్‌లోని మాతృసంస్థే ఇస్తుంది అన్నది దాని సారాంశం. మన దేశపు వైద్య కళాశాలల్లోనే సీట్లు ఇవ్వాలన్న కోరికను కేంద్రం అంగీకరించలేదు. చట్టంలో అందుకు వీలు లేదని సుప్రీం కోర్టుకు చెప్పింది. 2023లో చివరి ఏడాది విద్యార్థులకు మరో దారి తెరిచారు. వారు ఇక్కడి ఏ కళాశాలలోనూ చేరకుండానే మన ఎంబీబీఎస్ చివరి పరీక్షలు పరిమితమైన అవకాశాలతో రాయవచ్చు, ఆ తర్వాత రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాలి.

ఈ తేదీలన్నీ ఎందుకు చెబుతున్నామంటే, మొదటి విమానానికీ ఈ చివరి దారికీ మధ్య ఏడాదికి పైగా గడిచింది. ఆ ఏడాది పొడుగునా ప్రతి మెట్టు దగ్గరా విద్యార్థి చూపించవలసి వచ్చింది విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితమే. ఏ సెమిస్టరు దాకా చదివాడు, ఎన్ని గంటలు ఆసుపత్రిలో పనిచేశాడు, కోర్సు ఏ తేదీన పూర్తయింది అన్నవి రాసి ముద్రవేసి ఇవ్వగలిగింది అదొక్కటే. ఉత్తరాలకు వెంటనే జవాబిచ్చిన డీన్ కార్యాలయం ఉన్న విద్యార్థి ముందుకు నడిచాడు. జవాబు రానివాడు ఆగిపోయాడు.

తరలివచ్చిన విశ్వవిద్యాలయానికి నీడనిచ్చిన నేల మనది

యుద్ధమూ విశ్వవిద్యాలయమూ అన్న మాటలు పక్కపక్కన వినిపిస్తే ఇదేదో ఉక్రెయిన్ సంగతి అనిపిస్తుంది. నిజానికి మన పెద్దలు దీన్ని కళ్లారా చూశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలివచ్చింది. అప్పట్లో ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు. యుద్ధం ముగిశాక విశ్వవిద్యాలయం తిరిగి సముద్రపు ఒడ్డుకు చేరింది. ఆనాడు తలదాచుకోవడానికి చోటిచ్చిన అప్పటి గుంటూరు జిల్లాలోనివే తెనాలి, బాపట్ల, రేపల్లె కూడా.

ఇలాంటిదే 2014లో ఉక్రెయిన్‌లో జరిగింది. తూర్పు ప్రాంతంలో ఘర్షణ మొదలయ్యాక దొనెట్స్క్ జాతీయ విశ్వవిద్యాలయం తన ఊరు వదిలి వందల కిలోమీటర్ల దూరంలోని విన్నిత్సియా నగరానికి తరలి, అక్కడ పాఠాలు మొదలుపెట్టింది. విన్నిత్సియా అంటే మనవాళ్లకు తెలిసిన పేరే. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో ఎంతోమంది తెలుగు విద్యార్థులు చదివారు.

ఈ రెండు ఉదాహరణలూ ఒకే పాఠం చెబుతున్నాయి. విశ్వవిద్యాలయం అంటే గోడలు, ప్రహరీలు, బోర్డు మాత్రమే అనుకుంటే బాంబు పడగానే అది ముగిసిపోవాలి. అధ్యాపకులు, విద్యార్థులు, రికార్డులు, ఇచ్చిన మాట ఒకచోట నిలబడి ఉంటే ఏ ఊళ్లో అయినా అది మళ్లీ విశ్వవిద్యాలయమే. కష్టకాలంలో ముందు కాపాడుకోవలసినవి ఆ నాలుగే.

ఏమేమి చేయాలి?

ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఈ పాఠం నేర్చుకున్నాయి. నాజీల పాలనలో ఉద్యోగాలు పోగొట్టుకున్న అధ్యాపకులకు ఆశ్రయమివ్వడానికి 1933లో బ్రిటన్‌లో పండితులు ఏర్పాటు చేసుకున్న సంస్థ, పేరు మారినా, నేటికీ యుద్ధప్రాంతాల అధ్యాపకులను ఆదుకుంటూనే ఉంది. ఇలాంటి అనుభవాల నుంచి ఏ విశ్వవిద్యాలయమైనా చేయగల పనులను ఇలా విడదీసి చూడవచ్చు.

మొదటిది, లెక్క. తన విద్యార్థుల్లో ఎవరు ఏ దేశం వారు, సెలవులకు ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏ అధ్యాపకుడి కుటుంబం యుద్ధప్రాంతంలో ఉంది అన్నది విశ్వవిద్యాలయానికి ముందే తెలిసి ఉండాలి. ప్రమాదం వచ్చిన రోజున పేర్లు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. పట్టికలో పేరు, గది నంబరు, ఇంటివారి ఫోను, పాస్‌పోర్టు, వీసా గడువు ఉంటే చాలు.

రెండవది, సకాలంలో మాట. ఇంతకుముందు చెప్పిన హాజరు సంగతి ఇక్కడికే వస్తుంది. ప్రమాదం పెరుగుతున్నప్పుడు ఉండాలో వెళ్లాలో విద్యార్థి తేల్చుకునేలా హాజరు సడలింపు, పరీక్ష వాయిదా, ఫీజు గడువు పొడిగింపు రాతపూర్వకంగా ప్రకటించాలి. నోటిమాట మరునాటికి మారిపోతుంది. కాగితం మీద ఉన్నది నిలబడుతుంది.

మూడవది, కూడూ గూడూ. యుద్ధం వచ్చిన దేశంలో బ్యాంకులు మూతపడతాయి, డబ్బు పంపే దారులు ఆగిపోతాయి. నిన్నటిదాకా నెలనెలా ఇంటి నుంచి డబ్బు అందుకున్న విద్యార్థికి ఈ నెల మెస్ బిల్లు కట్టడానికి ఉండదు. సెలవుల్లో హాస్టలు మూసేస్తే అతడు వెళ్లడానికి ఇల్లు లేదు. హాస్టలు తెరిచి ఉంచడం, మెస్ బకాయి ఆపడం, చిన్న అత్యవసర నిధి పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇవి లేకపోతే మాత్రం విద్యార్థి పస్తులుండి కూడా చెప్పుకోడు.

నాలుగవది, కాగితాలు. వీసా పొడిగింపుకు ఉత్తరం, విదేశీయుల నమోదు కార్యాలయానికి ధ్రువీకరణ, చదివినంతవరకు మార్కుల పత్రం. బదిలీ కావలసివస్తే సిలబస్ వివరాలు కూడా కావాలి. అడిగిన వారంలోపు ఇవ్వగలగాలి. రికార్డులు కంప్యూటర్‌లో, మరో సురక్షితమైన చోట కూడా, భద్రపరచి ఉంటేనే అది సాధ్యం.

ఐదవది, మనసు. ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో తెలియని విద్యార్థి క్లాసులో కూర్చున్నా అతని చెవికి పాఠం ఎక్కదు. సలహాదారు ఒకరు ఉండాలి. అంతకంటే ముందు, అతణ్ణి పేరుపెట్టి పిలిచి "ఇంటి నుంచి ఫోను వచ్చిందా బాబూ?" అని అడిగే అధ్యాపకుడు ఉండాలి.

ఆరవది, క్యాంపస్‌లో శాంతి. యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల విద్యార్థులూ ఒకే తరగతిలో ఉండవచ్చు. వారి దేశాల ప్రభుత్వాలు చేసినదానికి ఈ పిల్లలు బాధ్యులు కారు. వారిని ఎగతాళి చేయడం, జాతి పేరుతో, మతం పేరుతో దూషించడం సహించబోమని విశ్వవిద్యాలయం మొదటి రోజే స్పష్టం చేయాలి.

చివరిది, ఓపిక. టీవీలో యుద్ధం వార్త పాతబడిపోయాక కూడా ఆ విద్యార్థి కష్టం పాతబడదు. కనీసం అతని కోర్సు పూర్తయ్యేదాకా ఆ దస్త్రం తెరిచే ఉండాలి.

మన పక్కనే ఉన్నవాళ్లు

ఇప్పటిదాకా బయటికి వెళ్లిన మన పిల్లల గురించి చెప్పుకున్నాం. మన దగ్గరికి వచ్చిన పరాయి దేశపు పిల్లలు కూడా ఉన్నారు. తెనాలి నుంచి గుంటూరు వెళ్లే దారిలో వడ్లమూడి, విజయవాడ వైపు నంబూరు, వడ్డేశ్వరం: ఈ ప్రాంతాల విశ్వవిద్యాలయాల్లో ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. బజారులో, బస్టాండులో వాళ్లను మనం చూస్తూనే ఉంటాం. వాళ్ల దేశంలో ఏం జరుగుతున్నదో అడగాలని మనకు తట్టదు.

2021 ఆగస్టు 15న కాబూల్ నగరం తాలిబాన్ల చేతికి వెళ్లినప్పుడు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులోని ఉస్మానియాలోనూ అఫ్ఘానిస్తాన్ విద్యార్థులు ఉన్నారు. వారిలో చాలామంది భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే ఉపకారవేతనం మీద వచ్చినవారు. ఒక్క రాత్రిలో వారి దేశంలో ప్రభుత్వం మారిపోయింది. బ్యాంకులు మూతపడ్డాయి. కోర్సు ముగియవచ్చినవారికి వీసా గడువు దగ్గరపడింది, వెనక్కి వెళ్లే ధైర్యం లేదు. ఆ దేశంలో ఆడపిల్లల చదువు ఏమవుతుందన్న భయం తర్వాత నిజమే అయింది. 2022 డిసెంబరులో తాలిబాన్ ప్రభుత్వం స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసేసింది. అలాంటి పరిస్థితిలో ఇక్కడ చదువుతున్న అఫ్ఘాన్ అమ్మాయికి మన విశ్వవిద్యాలయం ఇచ్చే పీజీ సీటు, హాస్టలు గది, వీసా ఉత్తరం ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు.

2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైంది. అక్కడి భారతీయులను 'ఆపరేషన్ కావేరి' పేరుతో 3,800 మందికి పైగా తీసుకొచ్చాం. అదే సమయంలో మన దేశంలో చదువుతున్న సూడాన్ విద్యార్థులు ఇంటికి ఫోను కలవక అల్లాడారు. వాళ్లను తీసుకెళ్లడానికి ఏ విమానమూ రాదు. వెళ్లడానికి ఇల్లే మిగలనివారికి విమానం దేనికి? అటువంటివారికి చదువుకుంటున్న విశ్వవిద్యాలయమే ఊరు, అదే దిక్కు.

చేయలేనివి కూడా ఉన్నాయి

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయం యుద్ధాన్ని ఆపలేదు. విమానాలు నడపలేదు. వీసా ఇచ్చేది ప్రభుత్వం, పొడిగించేదీ ప్రభుత్వమే. వైద్యవిద్య నిబంధనలు మార్చేది కమిషన్. చిన్న కళాశాలకు అత్యవసర నిధి పెట్టడం కూడా భారమే. అందుకే అన్నీ ఒక్కరి మీద వేయడం సరికాదు. చేయలేనిదాన్ని చేస్తామని చెప్పడం మాత్రం ఇంకా పెద్ద తప్పు. "ఇది మా చేతిలో లేదు, దీనికి ఫలానా కార్యాలయానికి వెళ్లండి, ఇదిగో ఉత్తరం" అని చెప్పిన విశ్వవిద్యాలయం విద్యార్థికి నిజమైన మేలు చేసినట్టే. మౌనంగా ఊరుకున్నది కీడు చేసినట్టు.

పంపేముందు అడగవలసిన ప్రశ్నలు

విదేశీ చదువు మీద ఆశ ఈ యుద్ధాలతో తగ్గలేదు. జార్జియా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ అంటూ కన్సల్టెన్సీల బోర్డులు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య దాడులు జరిగినప్పుడు 'ఆపరేషన్ సింధు' పేరుతో మళ్లీ మన విద్యార్థులను తీసుకురావలసి వచ్చింది. రేపల్లెలో రొయ్యల చెరువు మీదనో, బాపట్ల దగ్గర పొలం మీదనో అప్పు తెచ్చి ఫీజు కట్టే తండ్రి, సీటు ఖాయమయ్యేముందు ఈ ప్రశ్నలు అడగాలని మా మనవి.

కోర్సు, ఇంటర్న్‌షిప్ వ్యవధి మన కమిషన్ నిబంధనలకు సరిపోతాయా? అత్యవసర పరిస్థితిలో హాజరు, పరీక్షల గురించి ఆ విశ్వవిద్యాలయం రాసిపెట్టిన నియమం ఏమిటి? ప్రతి ఏడాది చివర మార్కుల పత్రం ఇస్తారా, డిగ్రీతోపాటు చివరలోనే ఇస్తారా? మధ్యలో ఆగితే ఫీజు సంగతేమిటి? విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి ఎవరు, ఆయనకు నేరుగా ఉత్తరం రాయవచ్చా, అన్నీ ఏజెంటు ద్వారానే జరగాలా?

కన్సల్టెన్సీవాళ్లు ఈ ప్రశ్నలకు తడుముకుంటే మరోసారి ఆలోచించండి. బిడ్డ బయలుదేరాక విదేశాంగ శాఖవారి 'మదద్' పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించండి. ప్రతి సెమిస్టరు ముగియగానే మార్కుల పత్రం, ఫీజు రసీదు ఫొటో తీసి ఇంటికి పంపమనండి. వాటిని ఇక్కడ ఒక ఫైలులో పెట్టుకోండి. ఆ ఫైలు అక్కరకు రాకుండా పోతే అంతకంటే మంచిది లేదు.

సంఘం చేయగలిగినది

యుద్ధం రోజుల్లో మన సంఘాల్లో ప్రార్థనలు జరుగుతాయి. అది మంచిదే. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చిన సమరయుడు అక్కడితో తన పని అయిపోయిందనుకోలేదని మనకు తెలుసు. ఖర్చుకు డబ్బు ఇచ్చాడు, ఇంకా ఏమైనా అయితే తిరిగి వచ్చినప్పుడు చూసుకుంటానన్నాడు. ఆ కథలో మనం తరచుగా వదిలేసే భాగం ఈ చివరి మాటే. ఇల్లు చేరిన బిడ్డ కోసం కృతజ్ఞత కూడిక పెట్టాక, ఆరు నెలల తర్వాత ఆ ఇంటికి వెళ్లి "చదువు సంగతి ఏమైందమ్మా?" అని అడిగినవారు ఎందరు? అప్పు కట్టలేక ఆ తండ్రి పొలం అమ్మకానికి పెట్టాడేమో ఎవరైనా కనుక్కున్నారా?

ప్రతి సంఘంలోనూ ఒక టీచరుగారో, బ్యాంకు ఉద్యోగో, కంప్యూటరు బాగా తెలిసిన యువకుడో ఉంటారు. కమిషన్ ప్రకటన ఇంగ్లీషులో వస్తే చదివి చెప్పడానికి, దరఖాస్తు నింపడానికి, విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయడానికి వారు చాలు. మన ఊరి దగ్గర కళాశాలలో పరాయి దేశపు విద్యార్థి ఉంటే, అతనిది ఏ మతమైనా సరే, పండుగ రోజున భోజనానికి పిలవండి. అతని దేశంలో యుద్ధం వచ్చిన రోజున అతనికి ఫోను చేయగల ఇల్లు ఒకటైనా ఈ నేల మీద ఉంటుంది.

ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లల్లో కొందరు నేడు డాక్టర్లయ్యారు. కొందరు వేరే దేశంలో చదువు పూర్తి చేశారు. ఇంకొందరు చదువు మానేసి ఏదో ఉద్యోగంలో కుదురుకున్నారు. వారిని విడదీసింది తెలివితేటలు మాత్రమే అనుకోవడం పొరపాటు. ఒకరికి సమయానికి ఉత్తరం వచ్చింది, మరొకరికి రాలేదు. ఒకరికి పక్కన నిలబడి దరఖాస్తు నింపినవారు దొరికారు, మరొకరికి దొరకలేదు. తర్వాతి యుద్ధం ఎక్కడ వస్తుందో మనకు తెలియదు. అది వచ్చిన రోజున మన విశ్వవిద్యాలయాల దగ్గర పేర్ల పట్టిక సిద్ధంగా ఉందా, మన ఇళ్లలో ఆ ఫైలు ఉందా, మన సంఘంలో ఆ ఉత్తరం రాసిపెట్టేవారు ఉన్నారా అన్నది మాత్రం ఇవాళే చూసుకోవచ్చు. ఈ వారమే ఒకసారి చూసుకుందాం.